మన యింటి కుక్క కరవదా?

ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వకథ మొదలగుచోటనే ఒక కుక్కపిల్ల కనబడును. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచున్న చోటికి సారమేయమను కుక్కపిల్ల వచ్చి ఆడుకొనుచుండెను. అది ఏ తప్పును చేయలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు పోయి తల్లియైన సరమతో చెప్పుకొన్నది. సరమ రాజు నెదుటికి వచ్చి, మంచిచెడ్డలు విచారింపక దుర్బలులను బాధించువారికి ఎదురుచూడని ఆపదలు కలుగునని చెప్పి వెడలిపోయినది. అంత పెద్ద యితిహాసము ఒక కుక్క మొరతో ఆరంభమగుట మమ్ము ఎప్పుడును ఆలోచింపజేయును.

ఎదురుచూడని ఆపద యనగా ఎక్కడనో అడవిలోనుండి వచ్చునని మన భావము. కుక్కకాటు మాట వచ్చినపుడు మనకు జ్ఞాపకమునకు వచ్చునది సందు చివర తిరుగు ఊరకుక్క, లేదా పిచ్చికుక్క. వానివలన ప్రమాదము లేదని మేమనము. కాని నేడు మీతో ముచ్చటింపదలచినది మన యరుగుమీద పండుకొను కుక్కను గూర్చి, మన చేతి ముద్ద తిని, మన పిల్లలతో ఆడుకొను కుక్కను గూర్చి. పలు దేశముల ఆసుపత్రుల అనుభవమిది: చిన్నపిల్లలను కరచిన కుక్కలలో పెక్కు వారెరిగినవే, తరచు వారి యింటివే, లేదా బంధువుల, పొరుగువారి యింటివే.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ప్రత్తియు, మిరపయు పండించు వారికి కుక్క క్రొత్త చుట్టము కాదు. కల్లములో మిరపకాయలు ఆరబోసిన దినములలో కుక్క లేని కావలి కావలియే కాదు. పూర్వమది నాటుకుక్క. తరువాత పట్టణములలో తెల్లని బొచ్చుకుక్కలు వచ్చినవి. వానిని మనవారందరు పామరేనియన్ అందురుగాని, వానిలో చాలభాగము ఇండియన్ స్పిట్జ్ అను జాతివి. ఇటీవల పట్టణములందేగాక పల్లెలలోని మేడలముందరకూడ లాబ్రడారు జాతి కుక్కలు కనబడుచున్నవి. "అది లాబ్రడారండీ, పసిపిల్లవంటిది, ఎవరిని ఏమియు చేయదు" అని గర్వముగ చెప్పుకొనుట పరిపాటియైనది.

ఈ మాటకు ఆధారము లేకపోలేదు. కెనడా తూర్పుతీరమందలి న్యూఫౌండ్లాండ్ దీవిలో బెస్తవారికి వలలు లాగుటలో సాయపడిన కుక్కలు ఈ జాతికి పూర్వులు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునకు చేరి, వేటలో పడిన పక్షిని పంటిగాటు పడకుండ నోట కరచుకొని తెచ్చుటకు ఇవి పెంచబడినవి. 1903లో అచ్చటి కెన్నెల్ క్లబ్ దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించినది. 1991 నుండి 2021 వరకు, వరుసగా ముప్పదియొక్క ఏండ్లు, అమెరికాలో అన్నిటికంటె ఎక్కువగా నమోదైన జాతి యిదియే. అంధులకు దారి చూపునదియు, పోలీసులకు వాసన పట్టి చూపునదియు తరచుగా ఇదే. సాధుస్వభావము నిజము. కాని సాధుస్వభావము వేరు, పళ్ళు లేకపోవుట వేరు. 2005 నవంబరులో ఫ్రాన్సు దేశమున ఆమియెన్ పట్టణములో వైద్యులు ప్రపంచమున మొట్టమొదటిసారిగ ఒక స్త్రీకి ముఖములో కొంతభాగమును మార్చి అతికిరి. ఆమె ముఖమును గాయపరచినది ఆమె పెంచుకొన్న కుక్కయే. అది లాబ్రడారు సంకరము.

ఈ సంగతి మాకు పుస్తకములవలన తెలిసినది కాదు. మూడేండ్ల క్రిందట మా కల్లములోనే తెలిసినది.

మిరప చివరి కోత ముగింపునకు వచ్చిన రోజులవి. కర్నూలు వైపునుండి కోతకు వచ్చిన కూలీలు కల్లము ప్రక్కనే పట్టలు కప్పుకొని కాపురముండిరి. పెద్దలు తాలుకాయలు ఏరుచుండగా పిల్లలు కాయల రాసుల నడుమ తిరుగుచుండిరి. మా లాబ్రడారు జిమ్మీ మంచము క్రింద నీడలో పడియున్నది. నాలుగు దినములుగా అది తలను ఒకవైపునకు వంచి చెవిని గోకుకొనుచునే యున్నది. మేము చూచితిమి, కోత ముగిసిన తరువాత పశువుల డాక్టరుకు చూపుదమని అనుకొంటిమి. అంతకుముందు వారము మా మనుమడు దాని చెవి పట్టగా అది గుర్రుమన్నది. "పిల్లవానిమీద గుర్రుమందువా?" అని మేమే దానిని రెండు దెబ్బలు వేసితిమి. దానితో అది గుర్రుమనుట మానినది. మేము బుద్ధి చెప్పితిమని సంతోషించితిమి.

ఆ మధ్యాహ్నము అయిదేండ్ల కూలీపిల్ల ఒకతె మంచము క్రిందకు దూరి, ప్రేమతో దాని మెడను కౌగిలించుకొన్నది. జిమ్మీ మొరగలేదు, గుర్రుమనలేదు. పిల్ల కేకవేసి వెలుపలికి వచ్చునప్పటికి చెక్కిలిమీద, కంటికి రెండంగుళముల క్రింద, పంటిగాట్లు పడి నెత్తురు కారుచున్నది.

అందరును పరుగెత్తి వచ్చిరి. ఒక ముసలమ్మ "అయ్యా, ఇంత కారం ఇప్పించండి, అద్దుతాము. విషం దిగిపోతుంది" అన్నది. చుట్టును మిరపకాయలే, కారమునకేమి కొదువ? ఇంటిలోనుండి ఎవరో కారపు డబ్బా తెచ్చిరి కూడ. ఊరి ఆరోగ్యకార్యకర్త ఆ దారిని పోవుచు కేక విని లోపలికి వచ్చి ఆ చేయి పట్టుకొని ఆపకపోయినచో ఏమయ్యెడిదో! ఆమె పిల్లను కుళాయి దగ్గరకు తీసికొనిపోయి, సబ్బుతో పావుగంటసేపు మెల్లగా కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపినది. దారిలో మమ్మొక ప్రశ్న అడిగినది: "కుక్కకు టీకా ఎప్పుడు వేయించారండీ?" మేము తలవంచుకొంటిమి. రెండేండ్లుగా వేయించలేదు.

పిల్ల బ్రతికినది, గాయము మానినది. ఆ మాట ముందే చెప్పుచున్నాము. కాని ఆ పది దినములు మేము నిద్రపోలేదు. ఆలోచించుకొన్నకొలది తప్పు కుక్కది కాదనియు, పిల్లది అసలే కాదనియు, మాదేననియు తేటపడినది.

"మొరిగే కుక్క కరవదు" అని మన సామెత. మనుష్యుల విషయమున అది నిజమేమో గాని, కుక్కల విషయమున దానిని నమ్ముకొనరాదు. మొరుగుట, గుర్రుమనుట కుక్క చెప్పు మాటలు: "నాకు బాధగా నున్నది, దూరముగా ఉండు" అని దాని యర్థము. ఆ మాట చెప్పినందుకు కొట్టితిమా, అది మాట మానివేయును. బాధ మాత్రము మానదు. తరువాత మిగులునవి పళ్ళే. మా జిమ్మీకి మేము నేర్పినది మంచితనము కాదు, హెచ్చరిక లేకుండ కరచుట.

గుర్రుమనుటకు ముందుకూడ కుక్క చాల చెప్పును. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. నిద్ర రాకపోయినను ఆవులించును. తినునదేమియు లేకున్నను మూతి నాకుకొనును. కంటి తెలుపు కనబడునట్లు ఓరగా చూచును. చెవులు వెనుకకు వేసి తోకను కాళ్ళ నడుమ ముడుచుకొనును. చివరకు శరీరమంతయు కొయ్యవలె బిగిసి కదలక నిలుచును. ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన క్షణము. తోక ఆడించుచున్నది గదా యని ధైర్యము చెప్పుకొనరాదు. ఉద్రేకములోకూడ కుక్క తోక నాడించును. చిన్నపిల్లలకు ఈ భాష తెలియదు. పళ్ళు చూపుచున్న కుక్క నవ్వుచున్నదని అనుకొను పసివారు గలరు. చదువగలవారు పెద్దలే, కావున భారము పెద్దలదే.

ఇక కాటు పడు సందర్భములు. మొదటిది తిండి. లాబ్రడారులు తిండిపోతులని పెంచినవారందరెరుగుదురు. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీనికొక కారణము కనుగొనిరి. ఈ జాతిలో దాదాపు నాలుగింట ఒకదానికి పి.ఓ.ఎం.సి. అను జన్యువులో ఒక లోపమున్నదట. అట్టివి తిండికై మరింత ఆరాటపడును. ఏ జాతి కుక్కయైనను గిన్నె ముందు నిలిచినప్పుడు పసివాడు చేయి పెట్టుట నిప్పుతో చెలగాటము. కుక్క తినుచున్నంతసేపు పిల్లలను ఆ దరికి పోనీయరాదు.

రెండవది నిద్ర. నిద్రలోనుండి అదరిపడి లేచిన కుక్క ఎదుటనున్నది ఎవరో చూచుకొనక ముందే నోరు వేయును. దూరమునుండి పేరుపెట్టి పిలిచి లేపవలెనేగాని మీదపడరాదు. మూడవది నొప్పి. లాబ్రడారులకు చెవులు వ్రేలాడుచుండుటవలన లోపల తేమ నిలిచి చీము పట్టుట తరచు. తుంటికీళ్ళ జబ్బుకూడ ఈ జాతిలో ఎక్కువ. ఎన్నడును కరవని కుక్క హఠాత్తుగా చిరచిరలాడుచున్నచో దానికి పొగరెక్కినదని గాక జబ్బు చేసినదని అనుకొని వైద్యుని చూపవలెను. నాలుగవది పిల్లలతల్లి. ఈనిన కుక్క తన కూనల జోలికి యజమానినికూడ రానీయకపోవచ్చును.

అయిదవది మన ప్రాంతమునకు ముఖ్యమైనది, ఎండ. రెంటచింతల వేసవిని గూర్చి మీకు మేము చెప్పనక్కరలేదు. లాబ్రడారుకు రెండు పొరల బొచ్చు. చలిసముద్రపు నీటిలో ఈదుటకై ఏర్పడిన ఉడుపు అది. దానిని చైత్రవైశాఖములలో రేకుల పందిరి క్రింద గొలుసుతో కట్టివేసి, ప్రక్కన మిరపఘాటు కూడ తగులనిచ్చినచో దాని ప్రాణమెట్లుండునో ఊహింపుడు. అమెరికాలోని ఎనిమిది నగరములలో సుమారు 69,000 కాట్ల వివరములను పరిశీలించి 2023లో ప్రకటించిన ఒక నివేదికలో, ఎండయు వేడియు అధికముగ నున్న దినములలో కాట్లు కొంత హెచ్చుచున్నవని తేలినది. నీడ, చల్లని నీరు, ఉదయ సాయంకాలములందు నడక — ఇవి కుక్కకు మాత్రమే చేయు ఉపకారము కాదు, మన పిల్లల రక్షణ కూడ. ఎల్లవేళల గొలుసున నుండు కుక్కకు పారిపోవు దారి లేదు. భయపడినపుడు దానికి మిగులునది కరచుటయే. గొలుసు బదులు ప్రహరీగోడయో, కంచె వేసిన చోటో మేలు.

పిల్లలకు నేర్పవలసిన మాటలు కొన్నియే. కుక్కను కౌగిలించుకొనరాదు; ముఖమునకు ముఖము చేర్చరాదు. పిల్లలు పొట్టివారగుటచేత కాటు చేతికి కాలికి గాక తలకు, ముఖమునకు, మెడకు తగులుచుండును. ముట్టదలచినపుడు పెద్దలనడిగి, కుక్క తానై దగ్గరకు వచ్చిన పిమ్మట, మెడ ప్రక్కన మెల్లగా నిమురవలెను. తెలియని కుక్క వెంటబడినపుడు పరుగెత్తరాదు. చేతులు దగ్గరకు ముడుచుకొని, దాని కన్నులలోనికి చూడక, చెట్టువలె నిలువవలెను. క్రిందపడినచో ముడుచుకొని, చెవులను మెడను చేతులతో కప్పుకొనవలెను. అయిదారేండ్ల లోపు పిల్లను కుక్కతో ఒంటరిగ విడిచి నిముషమైనను ప్రక్కకు పోరాదు, అది ఎంత నమ్మిన కుక్కయైనను సరే.

ఇంత జాగ్రత్త పడినను కాటు పడినచో చేయవలసినదేమి? "కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అను సామెత వినుటకు బాగుండును గాని వైద్యము కాదు. కారము, పసుపు, సున్నము, కిరసనాయిలు, ఆకుపసరు — వీనిలో ఏదియు గాయమున పెట్టరాదు. మిరపసీమలో పుట్టినవారముగాన ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము: కారము విషమును దింపదు. గాయమును మండించి, కండను రేపి, వ్యాధిక్రిమి నరములలోనికి చేరుటకు దారి తీయవచ్చును. కుళాయి క్రింద ధారగా పారు నీటితో, సబ్బుతో, పదునైదు నిముషములు కడుగుటయే మొదటి మందు. రేబీస్ క్రిమికి సబ్బు గిట్టదు. పిదప అయోడిన్ మందు రాసి, కట్టు కట్టక, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ఆసుపత్రియనిన జంకు మన పెద్దలలో ఇంకను కలదు. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులను మాట వారు మరువలేదు. అది పూర్వపు సంగతి. 1885 జులై 6వ తేదీన పారిస్ నగరములో లూయీ పాశ్చరు మహాశయుడు తొమ్మిదేండ్ల బాలునికి ఈ టీకా మొదట వేయించెను. మన దేశమున 1900లో కసౌలిలోను, 1907లో దక్షిణదేశమునకై కూనూరులోను పాశ్చరు సంస్థలు వెలసినవి. పిమ్మట చాలకాలము గొఱ్ఱె మెదడునుండి తయారైన మందు వాడుకలో నుండెను. పొట్టమీది సూదులు దానివే. 2004 సంవత్సరాంతమున మన దేశములో దాని తయారీ నిలిచిపోయినది. నేటి టీకా భుజమున వేయుదురు. ప్రభుత్వ ఆసుపత్రులలో సామాన్యముగ చర్మములో వేయు పద్ధతిని, కరచిన దినమున, మూడవ, ఏడవ, ఇరువదియెనిమిదవ దినములందు, మొత్తము నాలుగు మారులు వేయించుకొన్న చాలును. నెత్తురు వచ్చునట్లు గాయమైనచో, గాయము చుట్టు రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ అను మందుకూడ ఎక్కించవలెను. టీకా పనిచేయుటకు పట్టు దినములలో శరీరమును కాపాడునది అదే. ముఖము, తల, చేతివ్రేళ్ళ గాయములకు దీనిని ఎంతమాత్రము మానరాదు.

"మన కుక్కే గదా, పది రోజులు చూచి అప్పుడు పోవుదము" అనువారు గలరు. కరచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూచుట మంచిదే. కాని టీకా మొదలుపెట్టి చూడవలెను, చూచి మొదలుపెట్టరాదు. రేబీస్ లక్షణములు బయటపడిన తరువాత దాదాపు ఎవరును బ్రతుకరు. వెంటనే శ్రద్ధ తీసికొన్నచో దాదాపు ఎవరును చావనక్కరలేదు. ఇట్టి వ్యాధి వేరొకటి కానరాదు. భారత వైద్య పరిశోధనా మండలి శాస్త్రజ్ఞుల ఇటీవలి అంచనా ప్రకారము మన దేశమున ఏటా సుమారు 91 లక్షల జంతుకాట్లు పడుచున్నవి. వానిలో నాలుగింట మూడువంతులు కుక్కలవి. ఏటా దాదాపు 5,700 మంది ఈ వ్యాధితో మరణించుచున్నారు. అనుమానించదగిన జంతువుల కాటుకు గురియగువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది.

మా కల్లములోని పిల్ల సంగతి ముగింపవలసియున్నది. ఆరోగ్యకేంద్రమున మొదటి టీకా వేసి, ఇమ్యునోగ్లోబులిన్ కొరకు పెద్దాసుపత్రికి పంపిరి. మూడవ, ఏడవ దినముల టీకాలు మేమే వెంట తీసికొనిపోయి వేయించితిమి. ఇంతలో కోత ముగిసినది. కాయలు టిక్కీలకెక్కినవి, కూలీలు మూటలు కట్టిరి. ఇరువదియెనిమిదవ నాటికి వారు రెండువందల మైళ్ళ దూరములో నుందురు. గాయము మానిన పిల్లకు కూలి చెడగొట్టుకొని ఎవరు సూది వేయింతురు? పలుమారు ఇచ్చటనే నిర్లక్ష్యము జరుగును. మేము ఆసుపత్రి చీటీని ఆ తల్లి చేతిలో పెట్టి, ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనను అది చూపి వేయించుకొనవచ్చునని చెప్పి, ఆ దినపు కూలియు, దారిఖర్చును ముందే ఇచ్చితిమి. ఆ దినమున ఫోను చేసి అడిగితిమి. "వేయించినామయ్యా" అన్న మాట వినువరకు మాకు అన్నము సహించలేదు. అది మేము చేసిన ధర్మము కాదు, తీర్చుకొన్న బాకీ. చట్టముకూడ అట్లే చెప్పుచున్నది. 2024 జులై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ విభాగము ప్రకారము, తన వశమందున్న జంతువువలన ఇతరులకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివానికి ఆరునెలల వరకు ఖైదుగాని, అయిదువేల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

జిమ్మీని చంపవలెననిరి కొందరు. మేము అంగీకరింపలేదు. చెవికి చికిత్స చేయించితిమి, టీకా వేయించితిమి. కోతల కాలమున దానికి కల్లమునకు దూరముగ చెట్టునీడలో కంచె వేసిన చోటు ఏర్పాటు చేసితిమి. ఇప్పుడది గుర్రుమన్నచో మేము కొట్టము; పిల్లలను పిలిచి, "దానికి విశ్రాంతి కావలెనట" అని చెప్పుదుము.

కుక్కపిల్లకు మూడవ మాసమున మొదటి రేబీస్ టీకా వేయించి, వైద్యుడు చెప్పినట్లు మరల వేయించి, తరువాత ఏటేట మానక వేయించుచుండవలెను. పాశ్చరు టీకా వేయించిన ఆ జులై 6వ తేదీనే పశువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల దినముగ పాటించుచున్నారు. ఆనాడు మన రాష్ట్రమున పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితముగ టీకాలు వేయుచుందురు. మిరపనారు పోయు ఆలోచనలో నుండు రోజులవి, మరచిపోవుట సులభము. పంచాంగముమీద ఆ తేదీ ప్రక్కన ఒక గీత గీసికొనుడు.

సరమ ఆనాడు రాజుతో చెప్పినది శాపమని అందురు. మాకది హెచ్చరికగ తోచుచున్నది. నోరులేని జీవము బాధను గుర్తింపనివాని యింటికే ఎదురుచూడని ఆపద వచ్చును. మన యింటి కుక్క కరవదా? నోరున్న ప్రతి కుక్కయు కరవగలదు. అది కరవవలసిన అవసరము రానీయకుండుట మన చేతిలో నున్నది.